కార్బొరేటర్ పొంగుతోందా? ముందు పెట్రోలు మట్టం చూడండి

పాత బండికి కిక్కు కొట్టగానే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. కార్బొరేటర్ కింద వేలాడే సన్నని రబ్బరు గొట్టం నుంచి చుక్కలు రాలుతుంటాయి. ప్లగ్గు విప్పితే తడిసి నల్లగా ఉంటుంది. బండి స్టార్టయినా ఐడిలింగులో నిలబడదు. ఓవర్‌ఫ్లో అనే ఈ జబ్బు కనబడగానే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. ఎయిర్ స్క్రూ అరచుట్టు తిప్పి చూస్తారు, స్లో స్క్రూ బిగిస్తారు, అదీ కుదరకపోతే జెట్లు మారుస్తారు, చివరికి కార్బొరేటరే తీసి పక్కన పెడతారు. ఇందులో మొదట చేయాల్సిన పని మాత్రం ఎవరూ చేయరు. ఓవర్‌ఫ్లో అనేది గాలికీ పెట్రోలుకూ మధ్య పాళ్లు తప్పడం కాదు, కార్బొరేటర్ అడుగున ఉండే గిన్నెలో పెట్రోలు మట్టం తప్పడం. మట్టం సరిగ్గా ఉందో లేదో తేలకముందు తిప్పిన ప్రతి స్క్రూ అసలు జబ్బును వదిలేసి కొత్త జబ్బును తెచ్చిపెడుతుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక మన దేశంలో కొత్త పెట్రోలు బండ్లన్నీ దాదాపుగా కార్బొరేటర్‌ను వదిలి ఇంజెక్షన్ పద్ధతికి మారిపోయాయి. కానీ రోడ్డు మీది బండ్లన్నీ కొత్తవి కావు. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లు, 1994లో మొదలై ఇంటింటికీ చేరిన స్ప్లెండర్లు, బజాజ్ చేతక్ స్కూటర్లు, పాత బుల్లెట్లు, ఇంజెక్షన్ రాకముందటి మారుతీ 800లు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. పాలు పోసే మనిషికి, కూరగాయలు తెచ్చే రైతుకు అవే ఆధారం. వాటిని బాగుచేసే పరిజ్ఞానం తరిగిపోతోంది. కొత్త బండ్ల మీద పని నేర్చుకున్న కుర్రాళ్లలో చాలామందికి కార్బొరేటర్ విప్పి చూసే అవకాశమే రాదు. కాబట్టి ఈ చిన్న యంత్రం ఎలా ఆలోచిస్తుందో బండి యజమానికే తెలిసి ఉండటం అవసరం.

కార్బొరేటర్‌లో గాలి వెళ్లే దారి నడుమ సన్నబడి ఉంటుంది. ఆ గొంతు దగ్గర గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనమే ఉంటుంది. ఈ తేడా వల్ల పెట్రోలు జెట్టు గుండా పైకి ఎక్కి గాలిలో తుంపరగా కలుస్తుంది. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో ఈ ఏర్పాటు లేదు. అందులో గాలి పెట్రోలు మీదుగా వెళ్లి ఆవిరిని పట్టుకుపోయేది. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్, అదే ఏడాది హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చోంకా పెట్రోలును సన్నని రంధ్రం నుంచి చిమ్మించే పద్ధతిని తెచ్చారు. చిమ్మే పద్ధతి నమ్మకంగా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. రంధ్రం అంచుకు కాస్త కిందుగా పెట్రోలు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలబడాలి. ఆ పని చేసేది ఫ్లోటు. మన ఇంటి పైన నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఎలా నీటిని ఆపుతుందో, ఇదీ అలాగే పెట్రోలును ఆపుతుంది. గిన్నె నిండుతుంటే ఫ్లోటు లేచి, మొన ఉన్న చిన్న పిన్నును పైకి నెట్టి, పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూసేస్తుంది. జెట్లు, స్క్రూలు అన్నీ ఈ మట్టం స్థిరంగా ఉందన్న నమ్మకం మీదే కొలిచి పెట్టినవి.

మట్టానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. గొంతులో గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే అక్కడ పుట్టే పీడనపు తేడా పెట్రోలును సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తు వరకే లేపగలదు. వేగం 80 మీటర్లయితే అదే తేడా 64 రెట్లు పెరిగి, అర మీటరు ఎత్తు దాకా లేపగలదు. ఇప్పుడు గిన్నెలో మట్టం ఉండాల్సిన దానికంటే 5 మిల్లీమీటర్లు పెరిగిందనుకుందాం. గాలి జోరుగా పోతున్నప్పుడు ఆ 5 మిల్లీమీటర్లు లెక్కలోకి రావు. గాలి నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రం అది మొత్తం లాగే బలంలో సగానికి పైమాట. అందుకే ఓవర్‌ఫ్లో పట్టిన బండి వేగంగా పోతున్నప్పుడు ఫర్వాలేదనిపించి, సిగ్నల్ దగ్గర ఆగగానే గుటుకుగుటుకుమని చచ్చిపోతుంది. మట్టం ఇంకా పెరిగి రంధ్రం అంచు దాటితే గాలి లాగనక్కర్లేదు. పెట్రోలు దానంతటదే ఇంజను వైపు పారుతుంది. ఆ పారుదలను ఏ ఎయిర్ స్క్రూ కూడా ఆపలేదు, ఎందుకంటే అది స్క్రూ దారిలో రావడం లేదు.

కాబట్టి మొదట తేల్చాల్సింది, ఇది ఓవర్‌ఫ్లోనా లేక పెట్రోలు పాలు ఎక్కువ కావడమా అన్నది. రెండింట్లోనూ ప్లగ్గు నల్లబడుతుంది, పొగ నల్లగా వస్తుంది, మైలేజీ పడిపోతుంది. అందుకే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. చోక్ పూర్తిగా తెరుచుకోకపోయినా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, స్లైడులో ఉండే పొడవాటి సూది దాని జెట్టును ఏళ్ల తరబడి రాసి రంధ్రాన్ని పెద్దది చేసినా పెట్రోలు పాలు పెరుగుతుంది. ఈ మూడింట్లోనూ గిన్నె మట్టం మామూలుగానే ఉంటుంది, ఇంజను ఆపాక కింద చుక్క కారదు. ఓవర్‌ఫ్లోలో ఇంజను ఆగి ఉన్నా, పెట్రోలు కాక్ తెరిచి ఉన్నంతసేపూ కారుతుంది. కాక్ మూసి కొద్దిసేపు ఆగితే నిలిచిపోతుంది. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తొలగిపోతాయి.

ఇక గొట్టం నుంచి కారే ప్రతి చుక్కా మట్టం పెరగడం వల్లే వస్తుందనుకోవడమూ పొరపాటే. చాలా కార్బొరేటర్ల గిన్నెలో మధ్యగా ఒక సన్నని ఇత్తడి గొట్టం నిలబడి ఉంటుంది. మట్టం దాని కొన దాటితే అదనపు పెట్రోలు ఇంజనులోకి పోకుండా ఆ దారిన కిందికి దిగిపోతుంది. పాతబడ్డ బండ్లలో ఈ గొట్టానికి నిలువునా వెంట్రుకంత పగులు వస్తుంది. అప్పుడు మట్టం సరిగ్గానే ఉన్నా పెట్రోలు పగులు గుండా కారుతుంది. గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ సరిగా కూర్చోకపోయినా అదే రబ్బరు గొట్టంలోంచి చుక్కలు వస్తాయి. ఫ్లోటు మార్చి, పిన్ను మార్చి, అయినా కారుతోందని తల పట్టుకునే సందర్భాల్లో ఈ పగులే దొంగ కావచ్చు. గిన్నెను విప్పి, ఇత్తడి గొట్టం కొనకు కాస్త కిందివరకు పెట్రోలు పోసి, ఆరిన కాగితం మీద పది నిమిషాలు ఉంచితే చాలు. కాగితం తడిస్తే తప్పు గిన్నెది, తడవకపోతే తప్పు పైన ఉన్న ఫ్లోటు, పిన్నులది.

మట్టాన్ని కంటితో చూసే ఉపాయం కూడా ఉంది. డ్రెయిన్ దారికి పారదర్శకమైన సన్నని గొట్టం తగిలించి, దాన్ని గిన్నె పక్కనే పైకి ఎత్తి పట్టుకుని డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే, లోపల పెట్రోలు ఎంత ఎత్తులో ఉందో గొట్టంలోనూ అంతే ఎత్తులో నిలబడుతుంది. కలిసి ఉన్న పాత్రల్లో ద్రవం ఒకే మట్టంలో ఉంటుందని బడిలో చదువుకున్న సూత్రమే ఇది. పెట్రోలు గిన్నె అతుకు గీతకు దగ్గర్లో ఎక్కడ నిలవాలన్నది ఆయా బండి మాన్యువల్లో ఉంటుంది. కాక్ తెరిచి ఉంచి చూస్తున్నప్పుడు మట్టం ఒక చోట ఆగకుండా నెమ్మదిగా పైకి పాకుతుంటే పిన్ను మూసుకోవడం లేదని అర్థం. ఆగింది గానీ ఎక్కువ ఎత్తులో ఆగిందంటే పిన్ను బాగానే ఉంది, ఫ్లోటు బరువెక్కింది లేదా దాని ఎత్తు తప్పింది. మరమ్మతు ఎటు వెళ్లాలో ఇక్కడే రెండు దారులుగా విడిపోతుంది.

పిన్ను ఎందుకు మూసుకోదు? బలం చాలక కాదు. ట్యాంకు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు 2 మిల్లీమీటర్ల రంధ్రం మీద వేసే ఒత్తిడి ఒక గ్రాము బరువు కూడా ఉండదు. ఫ్లోటుకు దాన్ని ఆపడం తేలిక. అడ్డు వచ్చేది పిన్ను ఆనుకునే చోటుకూ, అంటే సీటుకూ, పిన్నుకూ మధ్య దూరే తుప్పు రేణువు. ఇసుక రవ్వలో సగం ఉన్నా చాలు, పిన్ను ఒక పక్కకు ఒరిగి సన్నని సందు మిగులుతుంది. రెండో కారణం అరుగుదల. పిన్ను మొనను వెలుతురులో పట్టుకుని చూస్తే, నల్లని రబ్బరు మొన చుట్టూ మెరిసే సన్నని ఉంగరం లాంటి గాడి కనిపిస్తుంది. వేల గంటలు కుదుపుల్లో ఒకే చోట ఆని ఆని పడ్డ గాడి అది. గోటితో తాకితే తెలిసేంత లోతు ఉంటే పిన్ను మార్చాల్సిందే. సీటు విడిగా ఊడివచ్చే రకమైతే దాని కింద వాషరో ఓ-రింగో ఉంటుంది, అది గట్టిపడినా పిన్నును తప్పించుకుని పెట్రోలు పక్కనుంచి వచ్చేస్తుంది. పంపు ఉన్న పాత కార్లలో కథ కాస్త వేరు. పంపు పీడనం 0.2 బార్ ఉన్నా అదే రంధ్రం మీద బలం ఆరు గ్రాములు దాటుతుంది. పంపు మార్చిన తర్వాతే ఓవర్‌ఫ్లో మొదలైతే కార్బొరేటర్ కన్నా ముందు పంపునే అనుమానించాలి.

ఫ్లోటు విషయానికొస్తే, ఇత్తడివి అతుకు దగ్గర పగులుతాయి, ప్లాస్టిక్‌వి సన్నని బీటల గుండా పెట్రోలు పీల్చుకుంటాయి. లోపల 2 గ్రాముల పెట్రోలు చేరిందంటే ఫ్లోటు ఆ బరువును మోయడానికి ఇంకో 2.7 మిల్లీలీటర్ల దాకా మునగాలి. ఫ్లోటు వైశాల్యం 9 చదరపు సెంటీమీటర్లయితే మట్టం 3 మిల్లీమీటర్లు పెరిగినట్టే. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తుంది. ఆరబెట్టిన ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచితే పగులున్న చోట బుడగలు లేస్తాయి. ఆ పగులును టంకంతో మూయవచ్చు గానీ, లోపలి పెట్రోలు ఆవిరి మొత్తం పోకుండా వేడి తగిలిస్తే ఫ్లోటు పేలుతుంది. టంకం బరువు కూడా మట్టాన్ని మారుస్తుంది. కొత్త ఫ్లోటు దొరికితే అతికించే పని పెట్టుకోకపోవడమే మంచిది. ఎత్తు కొలిచేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. పిన్ను వెనక కుదుపులను తట్టుకునే చిన్న స్ప్రింగు ఉంటుంది. కార్బొరేటర్‌ను పూర్తిగా తలకిందులు చేస్తే ఫ్లోటు బరువుకు ఆ స్ప్రింగు నొక్కుకుపోయి తప్పు కొలత వస్తుంది. పక్కకు వాల్చి, ఫ్లోటు రేకు పిన్నును అప్పుడే తాకుతున్న స్థితిలో కొలవాలి. పిన్ను మూసుకుంటోందా లేదా తేల్చడానికి మాత్రం తలకిందులు చేయడమే సరైన పద్ధతి. ఆ స్థితిలో పెట్రోలు వచ్చే దారిలోకి సిరంజితో మెల్లగా గాలి పంపాలి. గాలి నిలిస్తే పిన్ను బాగున్నట్టు, బుస్సుమంటే కానట్టు.

స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద రెండు దెబ్బలు తడితే ఆగిపోతుంది కదా, ఇంత శ్రమ ఎందుకు అనే వాదన ఉంది. ఆ దెబ్బ పనిచేస్తుందన్నది నిజమే. సీటు మీద కూర్చున్న రేణువు కదులుతుంది, ఇరుక్కున్న ఫ్లోటు విడుదలవుతుంది. కానీ రేణువు గిన్నెలోనే ఉంది, దాన్ని పంపిన ట్యాంకులో తుప్పు అలాగే ఉంది. కాబట్టి ఆ దెబ్బ విలువ వైద్యంలో కాదు, నిర్ధారణలో ఉంది. తట్టగానే ఆగితే చెత్త వల్ల అని, ఎంత తట్టినా ఆగకపోతే అరిగిన పిన్ను, మునిగిన ఫ్లోటు, పగిలిన గొట్టం వీటిలో ఒకటని అది చెబుతుంది. వారం తిరక్కుండా మళ్లీ కారితే ట్యాంకు కడిగించి, కాక్ జల్లెడ శుభ్రం చేసి, దారిలో ఫిల్టరు వేయించుకోవాలి.

ఈ మధ్య బలంగా వినిపించే మరో మాట, తప్పంతా ఇథనాల్ కలిపిన పెట్రోలుదేనని. మన పెట్రోలులో ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాత బండ్లను ఆ మిశ్రమం కోసం తయారు చేయలేదన్నదీ వాస్తవమే. అయితే కారణం ఏ దారిలో వస్తుందో చూడాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి అవే జెట్లతో ఇథనాల్ మిశ్రమం వాడితే ఇంజనుకు ఇంధనం పాలు తగ్గుతుంది, పెరగదు. ఇథనాల్ పెట్రోలు కన్నా కాస్త సాంద్రమైనది, అందువల్ల ఫ్లోటు కొంచెం ముందే తేలి మట్టం అతి స్వల్పంగా దిగుతుంది. ఈ రెండూ ఓవర్‌ఫ్లోకు వ్యతిరేక దిశలోనే పనిచేస్తాయి. ఇథనాల్ హాని చేసేది ఇంకో విధంగా. అది ట్యాంకు గోడలకు అంటిన పాత జిగురునూ తుప్పునూ వదిలిస్తుంది, పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుని గిన్నె లోహానికి తెల్లని పొడి పట్టేలా చేస్తుంది. ఇవన్నీ చివరకు చేరేది పిన్ను సీటు దగ్గరికే. కాబట్టి ఇథనాల్‌ను నిందించినా మరమ్మతు మారదు. ట్యాంకు శుభ్రం, ఫిల్టరు, ఇథనాల్‌ను తట్టుకునే పిన్నూ రబ్బరులూ వేయించుకోవడమే చేయగలిగింది.

మట్టాన్ని ఉండాల్సినదానికంటే తగ్గించి పెట్టేస్తే పీడ పోతుంది కదా అనేవారూ ఉన్నారు. అలా చేస్తే చుక్కలు ఆగవచ్చు గానీ ఇంధనం చాలక ఇంజను వేడెక్కుతుంది. పాత చేతక్ లాంటి టూ-స్ట్రోక్ బండ్లలో ఆయిలు పెట్రోలుతో కలిసే లోపలికి వెళుతుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఇక కార్బొరేటర్ మొత్తం మార్చేయడం అనే సలహాలో కొంత న్యాయం ఉంది. సీటు శరీరంలోనే బిగించి ఉండి అరిగిపోతే వేరే దారి లేదు. కానీ తుప్పు ట్యాంకులో ఉన్నంతకాలం కొత్త కార్బొరేటర్ కూడా అదే బాట పడుతుంది. పైగా చౌక నకళ్లలో జెట్లు, ఫ్లోటు ఎత్తు ఆ ఇంజనుకు సరిపోతాయన్న భరోసా ఉండదు.

వేసవిలో మాత్రం ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో దూరం తిరిగొచ్చి బండి ఆపితే, ఇంజను వేడి కార్బొరేటర్‌కు పాకి గిన్నెలోని పెట్రోలు మరుగుతుంది. పెట్రోలులో కొంత భాగం 70 డిగ్రీల లోపే ఆవిరవుతుంది. ఆ బుడగలు పెట్రోలును జెట్టు గుండా ఇంజనులోకి నెట్టేస్తాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేక, వేడి మీద ఆపిన పది ఇరవై నిమిషాలకే స్టార్టు కాకపోతే అది ఇదే. దీనికి ఫ్లోటు విప్పనక్కర్లేదు. ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య ఉండే బేకలైట్ దిమ్మె పగలలేదో చూసుకోవాలి.

ఇంజను పెట్రోలుతో నిండిపోయినప్పుడు కిక్కు మీద కిక్కు కొట్టడం వల్ల లాభం లేదు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే నిప్పు అంటుకుంటుంది. అంతకు మించితే ప్లగ్గు రవ్వ వేసినా మండదు. కాక్ మూసి, చోక్ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని కిక్కులు కొడితే ఎక్కువ గాలి వెళ్లి లోపలి తడి ఆరుతుంది. కిక్కు గట్టిగా బిగుసుకుపోయి దిగకపోతే బలవంతం చేయకూడదు. ద్రవం నలగదు, లోపల నిండిన పెట్రోలు కనెక్టింగ్ రాడ్డును వంచేస్తుంది. ప్లగ్గు విప్పి, దాని వైరును దూరంగా పెట్టి, ఆ పెట్రోలును బయటికి తోసేయాలి. ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఆయిలు పుల్లకు పెట్రోలు వాసన వస్తే ఆయిలు మార్చకుండా ఇంజను తిప్పకూడదు. పలచబడ్డ ఆయిలు బేరింగులను కాపాడలేదు.

ఇదంతా మైలేజీ కోసమే కాదు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా ఒక రాత్రిలో అర లీటరుకు పైగా పెట్రోలు నేల మీదికి చేరుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువైనది, పైకి పోదు, నేల వెంబడి గడపలు దాటి పాకుతుంది. మన ఇళ్లలో రాత్రి బండిని వరండాలోనో హాల్లోనో పెట్టి తలుపు వేసుకుంటాం. అదే కప్పు కింద గ్యాసు పొయ్యి, పూజ దీపం, స్విచ్చులు ఉంటాయి. కాబట్టి పాత బండి ఉన్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. రాత్రి బండి ఆపగానే పెట్రోలు కాక్ మూసేయండి. చుక్క కనబడితే ఆ రోజే బండిని ఆరుబయట పెట్టండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు స్క్రూ తిప్పనివ్వకుండా ముందు గిన్నె మట్టం చూపించమని అడగండి. మట్టం నిలిస్తే మిగతా సర్దుబాటు నిమిషాల పని, మట్టం నిలవకపోతే ఏ సర్దుబాటూ నిలవదు.